పోయిన పార్శిల్ డబ్బు నేనెందుకు కట్టాలి?

ప్రశ్న: నా వయసు 28. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక ఊరు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చి మూడేళ్లుగా పార్శిళ్లు అందించే పని చేస్తున్నాను. పార్శిళ్లు మాకు అప్పగించే కేంద్రం, అంటే మా హబ్, బాలానగర్ దగ్గర. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు, ఆల్విన్ కాలనీ, మూసాపేట నా రూటు. బండి, ఫోను, పెట్రోలు అన్నీ నావే. పార్శిల్‌కు 15 రూపాయలు ఇస్తారు. రోజుకు 70 వరకు అందిస్తాను. ఉదయం ఏడింటికి వెళితే ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది.

పోయిన నెల ఒక రోజు నా లిస్టులో 74 పార్శిళ్లు ఉన్నాయి. లెక్కపెడితే 73 వచ్చాయి. టీమ్ లీడర్‌కు చెబితే 'ఎక్కడో ఉంటుందిలే, ముందు బయలుదేరు' అన్నాడు. ఆ ఒక్కటీ 18,000 రూపాయల ఫోను. అది నా దగ్గరే పోయిందని తేల్చి, మూడు నెలల పాటు నెలకు 6,000 చొప్పున పట్టుకుంటామంటున్నారు. సాయంత్రానికి పని పూర్తి కాకపోతే 'కస్టమర్ అందుబాటులో లేరు' అని యాప్‌లో నమోదు చేయమంటారు. మర్నాడు ఆ కస్టమర్ తిట్టేది నన్నే. కొన్ని అపార్ట్‌మెంట్లలో లిఫ్టు ఎక్కనివ్వరు. నడుము నొప్పి మొదలైంది. నా భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. నాలుగేళ్ల పాప ఉంది. 'ఇదంతా వదిలేసి ఊరికి పోదాం' అంటోంది. ఏం చేయమంటారు?
— ఒక డెలివరీ ఉద్యోగి, జగద్గిరిగుట్ట

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 18,000 సంగతి చూద్దాం. మిగతావాటికి నెలలు పడతాయి, దీనికి మాత్రం వ్యవధి లేదు.

డబ్బు కడతానని ఒప్పుకోకండి. కట్టనని గొడవకూ దిగకండి. ఆ పార్శిల్ మీ చేతికి వచ్చినట్టు రుజువు చూపించమని కాగితం మీద అడగండి. లిస్టులో 74, చేతిలో 73 అని మీరు రాసిన ఆ ఒక్క ముక్కలోనే మీ కేసంతా ఉంది. పార్శిల్ మీ పేరు మీద పడటం వేరు, మీ చేతికి రావడం వేరు. పెద్ద గోదాము నుంచి మూట హబ్‌కు వస్తుంది. సీలు విప్పుతారు, ఒక్కొక్కటీ స్కాన్ చేస్తారు, రూట్ల వారీగా గూళ్లలో వేస్తారు, ఆ తర్వాత రైడర్ పేరు మీద ఎక్కిస్తారు. లోడు ఎక్కువగా ఉన్న రోజున ఈ ఆఖరి స్కాన్ రైడర్ కళ్ల ముందు జరగకుండానే అయిపోతుంటుంది. మీ గూటిలో ఉండాల్సిన నంబర్లన్నింటినీ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఒకేసారి మీ పేరు మీదకు మార్చేస్తాడు. ఇక రికార్డు ప్రకారం ఆ ఫోను మీ బ్యాగులోనే ఉంది. అసలు అది మూటలోనే రాలేదేమో, పక్క రూటు గూటిలో పడిందేమో, హబ్‌లోనే ఎవరి చేతివాటమో తేల్చాలంటే విచారణ చేయాలి. అంత శ్రమ ఎందుకని, చివర ఎవరి పేరు ఉంటే వారి దగ్గర వసూలు చేసుకుంటారు.

కాబట్టి రేపే ఇలా రాయండి: "ఫలానా తేదీ ఉదయం నా లిస్టులో 74 పార్శిళ్లు చూపగా, నాకు అందినవి 73. ఫలానా నంబరు పార్శిల్ అందలేదని అప్పుడే టీమ్ లీడర్‌కు తెలిపాను. ఆ రోజు మూట విప్పినప్పటి నుంచి నేను బయలుదేరే వరకు ఉన్న హబ్ కెమెరా రికార్డును భద్రపరచి పరిశీలించండి. ఆ పార్శిల్‌ను హబ్‌లో ఎవరు, ఎన్ని గంటలకు స్కాన్ చేశారో తెలపండి. విచారణ పూర్తయ్యే వరకు నా డబ్బులో కోత పెట్టవద్దు." కింద తేదీ, సంతకం. ఒక ప్రతి హబ్ ఇన్‌చార్జికి ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోండి. పెట్టనంటే వాదించకండి, అదే కాగితాన్ని ఫొటో తీసి కంపెనీ మెయిల్‌కు పంపండి. కెమెరా రికార్డులు ఎక్కువ రోజులు నిలవవు, పాతవాటి మీద కొత్తవి పడిపోతాయి. ఇప్పటికే చాలా రోజులు పోగొట్టుకున్నారు.

చట్టం సంగతి మీరు ఏ పద్ధతిలో పనిచేస్తున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. జీతం చీటీ, పీఎఫ్ ఉండి ఏజెన్సీ ఉద్యోగిగా ఉంటే మీ వైపు బలం ఎక్కువ. అప్పగించిన సరుకు పోయినప్పుడు, ఆ నష్టం నేరుగా ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే జరిగితేనే వేతనంలో కోయాలి. కోసే ముందు అతని మాట వినాలి. ఒక నెలలో కోతలన్నీ కలిపినా జీతంలో సగం దాటకూడదు. మీకు పార్శిల్ లెక్కన ఇస్తున్నారంటే బహుశా 'భాగస్వామి' అని ఒప్పందం రాయించుకుని ఉంటారు. అలాగైతే ఆ రక్షణ మీకు వర్తించదని వాదిస్తారు. ఒప్పందం కాపీ తీసి, పోయిన సరుకు గురించి అందులో ఏముందో మీరూ మీ భార్యా కూర్చుని చదవండి. ఏ పేరుతో పనిచేయించుకున్నా, రుజువు చూపించమని అడగడానికి మాత్రం ఏ ఒప్పందమూ అడ్డురాదు. కాగితానికి జవాబు రాకపోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరున్న అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు వెళ్లి కార్మిక శాఖలో ఫిర్యాదు ఇవ్వండి. న్యాయ సలహా కావాలంటే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100 ఉంది. మీలా యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికుల సంఘం, తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ వాళ్లను కూడా కలవండి. మీ హబ్‌లో ఇలా డబ్బు పోగొట్టుకున్నవారు ఇంకొందరు తప్పకుండా ఉంటారు. వాళ్లను వెంటబెట్టుకుని వెళితే మాటకు బరువు వస్తుంది.

నేనింత పట్టుపట్టడానికి కారణం ఉంది. 1990ల్లో కోఠిలో ఒక కొరియర్ ఆఫీసులో చేరి సైకిల్ మీద కవర్లు పంచాను. రిజిస్టరులో నలభై వరుసలు ఉంటే, నలభైకీ కలిపి నిలువుగా ఒక గీత గీసి అడుగున సంతకం పెట్టేవాళ్లం. ఒక రోజు చేతి గడియారం ఉన్న పొట్లం కనిపించలేదు. ఆ గీత నా మెడకు చుట్టుకుంది. మూడు నెలలు జీతంలో కోశారు. వర్షాకాలం వచ్చి ఆఫీసులో నీళ్లు దిగితే బీరువా జరిపారు, దాని వెనక పొట్లం దొరికింది. కోసిన డబ్బులో సగం మాత్రమే తిరిగి ఇచ్చారు. తర్వాత పదేళ్లు ఆ పనిలోనే ఉన్నాను, మళ్లీ గీత గీయలేదు. ప్రతి కవరూ చేతిలోకి తీసుకుని, దాని వరుస పక్కన టిక్కు పెట్టాకే సంతకం. వెనక నిలబడినవాళ్లు విసుక్కునేవారు. విసుక్కోనిచ్చాను.

మీకు ఇప్పుడు చేతిలో ఫోను ఉంది, ఇంకా సులువు. ఉదయం పార్శిళ్లను లేబుళ్లు పైకి ఉండేలా నేల మీద పరచి రెండు ఫొటోలు తీయండి. లెక్క తేడా వస్తే నోటితో చెప్పి ఊరుకోవద్దు. 'లిస్టు 74, అందినవి 73, ఈ నంబరు లేదు' అని హబ్ గ్రూపులో ఒక్క వరుస పెట్టాకే బండి తీయండి. టేపు చింపి మళ్లీ అంటించినట్టున్నా, డబ్బా ఊపితే లోపల ఖాళీగా అనిపించినా బ్యాగులో వేసుకోకముందే చూపించండి. కస్టమర్ల నుంచి వాపసు తీసుకునేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండండి. డబ్బాను ఆయన ఎదుటే తెరిచి, వస్తువును, దాని మీది నంబరును ఫొటో తీయండి. కొత్త డబ్బాలో పాత వస్తువు పెట్టి ఇచ్చేవాళ్లకు ఈ నగరంలో కొదవ లేదు.

నగదు విషయంలోనూ అంతే. 'పంపించేశాను చూడండి' అని కస్టమర్ తన ఫోను చూపిస్తే అది రుజువు కాదు, మీ యాప్‌లో జమ కనిపించాలి. నోట్లు గుమ్మం ముందే లెక్కపెట్టండి. రాత్రి హబ్‌లో కట్టిన సొమ్ముకు రసీదు లేకుండా కదలకండి. 'ఇప్పుడు ఇవ్వు, రేపు సర్దుతాను' అని టీమ్ లీడర్ అడిగితే మర్యాదగానే కాదనండి. ఓటీపీ చెప్పడానికి జంకే కస్టమర్ మీద కోపం తెచ్చుకోవద్దు. ఓటీపీ మోసాల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ముందు పార్శిల్ చేతికిచ్చి, పంపినవారి పేరు చదివి వినిపించి, ఆ తర్వాత అడగండి.

ఇక 'అందుబాటులో లేరు' సంగతి. ఈ విషయంలో మీ హబ్ మీద నాకు నిజంగా కోపం వస్తోంది. ఆ అబద్ధం మీ పేరు మీద నమోదవుతుంది, చెప్పినవాడి పేరు ఎక్కడా ఉండదు. కస్టమర్ రోజంతా ఇంట్లోనే కూర్చుని ఎదురుచూసి ఉంటాడు. ఆయన ఫిర్యాదు చేస్తే, మీ బండి ఆ వీధికే వెళ్లలేదని యాప్ చెప్పేస్తుంది. పైగా రేపు ఫోను పార్శిల్ గురించి మీరు నిజం చెప్పినా, 'నువ్వు రోజూ తప్పు రాసేవాడివే కదా' అంటారు. మీ మాటకు విలువ మిగలాలంటే ఇది మానాల్సిందే. దానికి ఒక పద్ధతి చెబుతాను. మధ్యాహ్నం రెండింటికి మిగిలిన లెక్క చూసుకోండి. సాయంత్రానికి అవదనిపిస్తే అప్పుడే గ్రూపులో రాయండి: 'ఇంకా 38 ఉన్నాయి, పదిహేను మిగిలేలా ఉన్నాయి, ఎవరైనా తీసుకుంటారా?' రాత్రి ఏడింటికి చెబితే అది మీ తప్పు కింద లెక్క, రెండింటికి చెబితే సర్దాల్సిన బాధ్యత హబ్‌ది. నిజంగా కస్టమర్ లేకపోతే యాప్ నుంచే ఫోను చేయండి. మీ సొంత నంబరు నుంచి చేసిన ఫోనుకు వాళ్ల దగ్గర రికార్డు ఉండదు.

మీ రూటు నాకు కొంత తెలుసు. హౌసింగ్ బోర్డులో ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్, ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని నాలుగు రకాల ఇళ్లు, ఒక్కో రకానికి ఒక్కో వరుస నంబర్లు. ఎల్ఐజీ 212 పక్కన 213 ఉంటుందని వెళితే సందు తిరిగి తిరిగి అలసిపోతారు. పాత హైదరాబాద్ నంబర్లకు ఒక లెక్క ఉంది. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు, ఏటవాలు గీత (/) తర్వాత వచ్చేవన్నీ ఆ ఇంటి స్థలంలో తర్వాత లేచిన వాటాలు. కొరియర్ రోజుల్లో 3-6 చూడగానే హిమాయత్‌నగర్, 3-4 చూడగానే బర్కత్‌పురా వైపు అని చేతులు వాటంతట అవే కవర్లు వేరు చేసేవి. మీరు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక్కో సందుకు ఒక్కో పేజీ: ఏ ఇల్లు ఏ మలుపులో ఉంది, ఏ అపార్ట్‌మెంట్‌లో ఎవరు సాయంత్రం ఆరు తర్వాతే దొరుకుతారు, ఏ గేటు దగ్గర కాపలాదారు పార్శిల్ తీసుకుంటాడు, ఎక్కడ కుక్క ఉంది. యాప్‌లోని మ్యాపు వీధి చివరి వరకే తీసుకెళుతుంది, అక్కడి నుంచి ఈ పుస్తకమే దారి. నెల తిరిగేసరికి రోజుకు ముప్పావు గంట మిగులుతుందని నా అనుభవంతో చెబుతున్నాను. ఉదయం బ్యాగులో సర్దేటప్పుడు చివర ఇచ్చేవి అడుగున, మొదట ఇచ్చేవి పైన. ఒకే అపార్ట్‌మెంట్‌వి ఒకే సంచిలో.

మీ నడుము నొప్పికి సగం కారణం ఆ సర్దుబాటు లేకపోవడమే అయి ఉంటుంది. వీపు మీద పెద్ద బ్యాగు, ముందు పెట్రోలు ట్యాంకు మీద ఇంకో మూట, మధ్యలో వంగి కూర్చున్న మనిషి. వీపు మీది బరువును బండి వెనక క్యారియర్ మీదకు మార్చండి. మంచి మెకానిక్ ఒక ఇనుప చట్రం బిగించి ఇస్తాడు. బరువు ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచండి. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి ఎక్కినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించండి, మందుల షాపు మాత్రలతో నెట్టుకురావద్దు.

ఇంకొకటి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. దారిలో మూత్రానికి చోటు దొరకదని నీళ్లు తాగడం మానేశారా? మాలో చాలామంది మానేశారు, తర్వాత రాళ్లు పడి ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు ఉచితంగా ఇవ్వాలన్న నియమం ఉంది. మీ రూటులో శుభ్రంగా ఉన్న రెండు బంకులు చూసి పెట్టుకోండి. మేలో ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో మెట్లెక్కే ఇళ్లన్నీ పదకొండు లోపే ముగించి, లిఫ్టున్నవీ గేటు దగ్గర ఇచ్చేవీ మధ్యాహ్నానికి ఉంచుకోండి. చెమట ఆగిపోయి తల తిరిగితే ఎన్ని పార్శిళ్లు మిగిలినా నీడన కూర్చోవాల్సిందే. వానలో నేల కనిపించని నీటిలోకి బండి దింపవద్దు. 2020 అక్టోబరు వరద చూసిన నగరం ఇది, నాలా మూతలు ఎక్కడ లేచి ఉంటాయో ఎవరికీ తెలియదు.

లిఫ్టు విషయం మీతో కాకుండా, ఈ శీర్షిక చదివే అపార్ట్‌మెంట్ వాసులతో మాట్లాడాలి. అమ్మా, అయ్యా, మీ మిక్సీ, మీ పిల్లల పుస్తకాలు, మీ బియ్యం సంచి మోసుకొచ్చే మనిషి అయిదో అంతస్తుకు మెట్ల మీద రావాలని బోర్డు ఎందుకు పెట్టారు? ఆ మనిషి ఆ రోజు అప్పటికే ఇరవై భవనాలు ఎక్కి దిగి ఉంటాడు. మీ సంఘం సమావేశంలో ఆ బోర్డు తీయించండి. కుక్కను కట్టేశాకే తలుపు తీయండి. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పెంపుడు కుక్క వెంటపడితే మూడో అంతస్తు నుంచి పడి ఆహారం అందించడానికి వచ్చిన యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. తమ్ముడూ, మీరు కూడా కుక్క ఉన్న ఇంట్లోకి అడుగుపెట్టకుండా గేటు బయటి నుంచే ఫోను చేయండి. ఒకవేళ కరిస్తే సబ్బుతో పావుగంట పాటు ధారగా కడిగి, అదే రోజు నారాయణగూడలో టీకాలు వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంకు గానీ, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి గానీ వెళ్లి టీకా వేయించుకోండి.

ప్రమాదం గురించి రాయడం నాకు ఇష్టం లేదు, కానీ రాయకుండా ఉండలేను. మీ బండి కాగితాలు తీసి, యజమాని పేరు మీద 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో చూడండి. డబ్బు తగ్గుతుందని చాలామంది దాన్ని తీయించేస్తారు. సొంత వాడకానికి ఇచ్చే తెల్ల నంబరు ప్లేటు బండితో వ్యాపార పని చేస్తే బీమా కంపెనీ పేచీ పెట్టవచ్చు, కాబట్టి డెలివరీకి వాడుతున్నానని ఏజెంటుకు చెప్పి, ఏ పాలసీ సరిపోతుందో రాతలో తెచ్చుకోండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా ఉంది, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. మే నెలాఖరుకు ఖాతాలో ఆ ఇరవై ఉంచడం మరవకండి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించుకోండి. గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రకటించింది. అది మీకు ఎలా వర్తిస్తుందో కార్మిక శాఖకు వెళ్లినప్పుడే అడగండి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి మొదటి ఏడు రోజులు లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. ఈ వివరాలన్నీ మీ భార్యకు తెలిసి ఉండాలి. కాగితాలు ఏ డబ్బాలో పెట్టారో కూడా.

ఇక ఊరికి పోవడం. ఆమె మాటను కొట్టిపారేయకండి. ముందు ఇద్దరూ కలిసి ఈ లెక్క వేయండి. డెబ్బై పార్శిళ్లకు 1,050 రూపాయలు. అరవై కిలోమీటర్లకు, ఆగుతూ పోయే బండికి లీటరున్నర పెట్రోలు, లీటరు 107 లెక్కన 160. టైర్లు, ఆయిలు, బ్రేకులు, చైను కోసం రోజుకు 70 పక్కన పెట్టాలి, ఫోనుకు 20. మిగిలేది 800. ఏడు నుంచి ఎనిమిది వరకు పదమూడు గంటలు, అంటే గంటకు 62 రూపాయలు కూడా పడటం లేదు. ఇరవై ఆరు రోజులు పనిచేస్తే నెలకు 20,800. అందులోంచి 6,000 కోస్తే మిగిలేది 14,800. ఆ 18,000 కోసం గట్టిగా నిలబడమన్నది ఇందుకే.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు వదిలేయకండి. ఇప్పుడు వెళితే సరుకు తీసుకుని పోయాడని రాసేస్తారు, రావాల్సిన డబ్బూ ఆపేస్తారు. ముందు ఆ మచ్చ తొలగించుకోండి. అలాగని పదేళ్లు ఇదే చేయమని కూడా చెప్పను. మెట్లు, ఎండ, బరువు కలిసిన పని ఇది, ముప్పై అయిదు దాటాక ఒళ్లు సహకరించడం మానేస్తుంది. మీకు డిగ్రీ ఉంది, సందుసందూ తెలుసు. హబ్‌లో లోపలి ఉద్యోగాలకు ఖాళీ పడితే అడగండి, వేరే కంపెనీల్లోనూ అడగండి. అది కుదరకపోతే నాలుగు చక్రాల లైసెన్సు తీసుకోండి. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే బండి నడపడానికి కారు లైసెన్సే చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. సరుకు బండి నడిపితే కనీసం బరువు మీ నడుము మీద ఉండదు. ఆరు నెలలు గడువు పెట్టుకోండి. ఆ లోపు గంటకు వంద రూపాయలు మిగిలే దారి కనబడకపోతే ఆమె మాట వినండి. ఊళ్లో మీకు ఏ ఆధారం ఉందో మీరు రాయలేదు, అది ఆమెకే బాగా తెలుసు.

ఆలస్యం చేయకుండా రేపే ఇద్దరూ కూర్చుని ఆ కాగితం రాయండి. హబ్ వాళ్లు ఏం జవాబిచ్చారో, ఇవ్వకపోతే ఎన్ని రోజులైందో నాకు మళ్లీ ఉత్తరం రాయండి. ఒప్పందం కాపీలో పోయిన సరుకు గురించి ఉన్న పేజీ కూడా జత చేయండి. అది చూశాక కార్మిక శాఖకు ఇచ్చే ఫిర్యాదు ఎలా రాయాలో చెబుతాను.